మామయ్య శరదృతువు, నా ఆముదం

ఆ రోజుల్లో మా యానాం వాళ్లకి పుదుచ్చేరి బదిలీ అంటే ఇంట్లో సగం ఏడుపు, సగం మూటలు కట్టడం. నాకు మాత్రం లోలోపల మహా సరదాగా ఉండేది. ఇరవై మూడేళ్లవాడికి కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, చెప్పేవాళ్లూ అడిగేవాళ్లూ లేని ఒక గది, ఇంతకన్నా ఏం కావాలి? ఆ గది నాకు దక్కకుండా చేసింది మా అమ్మ. ఆవిడకి వరసకి తమ్ముడయ్యే మామయ్య ఒకాయన అప్పటికే అక్కడ సూపరింటెండెంటుగా ఉన్నాడు. పిల్లల చదువుల కోసం అత్తయ్యని యానాంలోనే ఉంచి, తను ఒర్లియంపేటలో ఒక మేడ మీద రెండు గదుల వాటాలో ఒంటరిగా వండుకు తింటున్నాడు. "వాడి దగ్గరుంటే నీ ఆరోగ్యానికి ఢోకా ఉండదు" అంది అమ్మ. (ఆవిడకి పాపం ఏమీ తెలియదు.)

మామయ్యకి ఒక పెద్ద పుస్తకం ఉండేది. ఏ ఋతువులో ఏం తినాలి, ఏ ఆసనం వెయ్యాలి, ఒంటికి ఏం రాసుకోవాలి అన్నీ అందులో రాసి ఉండేవి. వాటిని ఆయన పంచాంగం చూసి అమలు చేసేవాడు. నేను దిగింది వసంతంలో. వసంతంలో కఫం కరిగి ప్రమాదం తెస్తుందట. అందుకని మొదటి ఆదివారమే చెంబుడు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించాడు. తరవాత శెనగపిండితో ఒళ్లంతా పొడిగా రుద్దుకోమన్నాడు. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీద్దామని చాప మీద వాలితే, వసంతంలో పగటి నిద్ర కూడదని లేపి సూర్యనమస్కారాలు చేయించాడు. ఎదురు చెబుదామంటే ఆయన నాకన్నా ముందు లేచి, నాకన్నా ఎక్కువ నమస్కారాలు చేసి, నాకు కషాయం కాచి మరీ నిలబడేవాడు. అలాంటి మనిషితో ఎలా పోట్లాడతాం? అప్పుడప్పుడు తేంగాయితిట్టు చేపల రేవు వైపు సైకిలు తొక్కుకుపోయి వేపిన చేపముక్కలు తిని వచ్చేవాణ్ణి. గుమ్మంలోనే వాసన పట్టి, నాకు కఫం పెరుగుతుందని ఆయన బాధపడేవాడు. తిట్టినా బాగుండేది.

అసలు కష్టం శ్రావణంలో మొదలైంది. పుస్తకం ప్రకారం అది వర్షఋతువు. మా గోదావరి పక్కన ఆ మాట నిజమే, ఆ నెలల్లో గొడుగు లేకుండా గడప దాటలేం. పుదుచ్చేరిలో మాత్రం ఏ సాయంత్రమో నాలుగు చినుకులు పడితే పడినట్టు, మిగతా అంతా ఉక్కబోత, చెమట. అయినా మామయ్య వర్షఋతువుని వదల్లేదు. చల్లగాలి తగిలి వాతం చేస్తుందని కిటికీలు మూయించాడు. నువ్వులనూనె మర్దనా, వేడినీళ్ల స్నానం, సొంఠి కషాయం, ఆ పైన ఒంట్లో వేడి పుట్టించడానికి కొలిమితిత్తిలా బుసకొట్టే భస్త్రిక ప్రాణాయామం. నాకు వీపంతా చెమటకాయలు, మెడ మీద ఒక సెగ్గడ్డ లేచాయి. ఆఫీసులో కాలర్ తగలకుండా మెడ వంచి కూర్చుంటే, కొత్త కుర్రాడు చాలా వినయవంతుడని మా పెద్దాఫీసరు మెచ్చుకున్నాడట. బయట వాన లేదు కదా మామయ్యా అని ఒకసారి అడిగాను. "వాన పడకపోవడం వాన తప్పు. నెల మాత్రం శ్రావణమే కదరా" అన్నాడు.

ఆశ్వయుజం రాగానే ఆయన కిటికీలు తీశాడు. శరదృతువట. ఆకాశం నిర్మలంగా ఉంటుందట, ఎండకి పిత్తం రేగుతుందట. దాన్ని అణచడానికి చన్నీళ్ల స్నానం, కాకరకాయ, పొద్దున్నే నాలుక గొట్టంలా చుట్టి చల్లగాలి పీల్చే శీతలి ప్రాణాయామం. మిరియాలు, వేడి వస్తువులు పూర్తిగా బందు. అన్నిటికన్నా ముఖ్యంగా, పేరుకున్న పిత్తం పోవడానికి ఇద్దరం విరేచనానికి పుచ్చుకోవాలి. దానికి దీపావళి వెళ్లిన ఆదివారం నిర్ణయించాడు. ఆ రోజు తెల్లవారుతూనే నన్ను లేపి, ముందు తను గటగటా తాగి, గోరువెచ్చని పాలలో నాకూ ఆముదం కలిపి ఇచ్చాడు. నేను ముక్కు మూసుకుని ఆఖరి చుక్క మింగుతుండగా బయట ఉరిమింది.

ఆ ఊళ్లో అసలు వానాకాలం అప్పుడే మొదలవుతుందని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. కాస్సేపటికే వీధి, పెరడు ఒకటైపోయాయి. మా మరుగుదొడ్డి పెరటి చివర, మూడు మెట్ల ఎత్తు మీద ఉండేది. దానిలోకి నీళ్లు రాలేదు కానీ, దాని దగ్గరికి వెళ్లాలంటే మోకాలి లోతు నీళ్లలో నడవాలి. ఇంతలో కింది వాటాలోకీ నీళ్లొచ్చాయి. ఇంటి ఓనరక్క, మిల్లులో పనిచేసే వాళ్లాయన, ముసలి అత్తగారు కిరోసిన్ స్టవ్వు, బియ్యం డబ్బా పట్టుకుని మా మేడ మీదికి వచ్చేశారు. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు వాళ్లు. మేం ఆసనాలకి పరుచుకునే దుప్పటి మీద, సరిగ్గా మెట్ల దగ్గర, ముగ్గురూ కూర్చున్నారు. ఆముదం పని మొదలుపెట్టింది కూడా అప్పుడే.

ఒకసారి మామయ్య గొడుగు పట్టుకుని దిగేవాడు. ఆయన ఎక్కుతుంటే నేను ఆ గొడుగే లాక్కుని దిగేవాణ్ణి. ప్రతిసారీ ఆ ముగ్గురి ముందునించే వెళ్లాలి, తడిసి ముద్దయి వాళ్ల ముందునించే రావాలి. ఓనరక్క కొంతసేపు మర్యాదకి తల తిప్పుకుంది. తరవాత ఉండబట్టలేక మామయ్యనే అడిగేసింది. "ఏంది సార్, ఇంత మళైలో ఊరికూరికే యాడికి పోతా ఉండారు?" ఆయన శరదృతువు గురించీ పిత్తం గురించీ ఆవిడకి వివరించబోయి, సగంలోనే మళ్లీ గొడుగు అందుకున్నాడు.

ఈసారి తిరిగి వస్తూ మెట్ల మధ్యలో కూలబడిపోయాడు. నేను పరిగెత్తి పట్టుకునేసరికి ఒళ్లు మంచులా ఉంది, పెదాలు తెల్లబడ్డాయి, కళ్లు తేలేస్తున్నాడు. అప్పటిదాకా కడుపులో ఉన్న చిరాకంతా ఎటు పోయిందో తెలియదు. ఆ వానలో డాక్టరు ఎక్కడ దొరుకుతాడు, అత్తయ్యకి ఏమని కబురు చెయ్యను, ఇదే నా బుర్రలో తిరుగుతోంది. ఓనరక్క వాళ్లాయన, నేను కలిసి ఆయన్ని పైకి మోసుకొచ్చి పొడిబట్టలు కట్టాం. ఓనరక్క ఉప్పేసిన గంజి, కుతకుతలాడే మిరియాల రసం ఇచ్చింది. గంజి బతిమాలితే తాగాడు. రసం గ్లాసు మాత్రం పళ్లు టకటకలాడుతుండగానే పక్కకి నెట్టి, "శరత్తులో మిరియం పనికిరాదురా" అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. ఆయన గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. "ఒక్కసారి బయటికి చూడండి మామయ్యా. అది శరత్తా?"

ఆయన చూశాడు. వీధిలో ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ కొట్టుకుపోతోంది. చివరికి గ్లాసు అందుకుని ఆ రసమంతా తాగేశాడు. "పుస్తకంలో తప్పు లేదురా అల్లుడూ. మనమే ఉండాల్సిన ఊళ్లో లేం" అన్నాడు. నేను తల గోడకేసి కొట్టుకోవాల్సిన మాట అది. ఖాళీ గ్లాసు అందుకుని, తువ్వాలుతో ఆయన తల తుడిచాను.

దానితో నా కష్టాలు తీరాయనుకున్నాను. తీరలేదు. పంచాంగం మానేసి, ఇకమీదట ఆకాశాన్ని బట్టి నడుచుకుంటానన్నాడు. రోజూ పొద్దున్నే డాబా మీద నిలబడి ఆ రోజు ఏ ఋతువో ప్రకటించేవాడు. ఒకే వారంలో మాకు గ్రీష్మం, వర్షం, హేమంతం వచ్చిపోయేవి. ఒక రోజయితే పొద్దున నూనె రాయించి, నేను ఆఫీసుకి బయల్దేరే వేళకి మబ్బు విడిపోయిందని క్యారేజీలో అన్నం తీసేసి పెరుగన్నం పెట్టాడు. వెనకటి పంచాంగమే నయం, రెండేసి నెలలైనా నిలకడగా ఉండేదని నాకే అనిపించింది. ఆ ఉగాదికి ముందే ఆయనకి యానాం బదిలీ వచ్చింది. బస్సెక్కించి వచ్చి, రెండు కిటికీలూ బార్లా తీసుకుని, సాయంత్రం దాకా నిద్రపోయాను.

కొన్నేళ్లకి నేనూ యానాం తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం ఆయన్ని చూడబోయాను. చైత్రమాసం. వేపుడు కూరతో కడుపునిండా భోంచేసి, మడత మంచం మీద గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. పైగా ఒక మోస్తరు పొట్ట. నాకు ఒళ్లు మండిపోయింది. లేపి మరీ అడిగాను, వసంతంలో పగటి నిద్ర ఏమిటని, ఆసనాలేమయ్యాయని. ఆయన నవ్వి, వంటింట్లో ఉన్న అత్తయ్య వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అక్కడ నాకు రోజులు గడిచేవి కావురా. ఋతువులైతే రెండు నెలలకొకటి కచ్చితంగా అయిపోయేది."

నన్ను అంత ఏడిపించినందుకు ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. అత్తయ్య కాఫీ తెచ్చింది, ముగ్గురం తాగాం. ఇప్పుడు నాకు ఆయన అప్పటి వయసు దాటింది. ఆ మేడ మీద మూతి ముడుచుకుని, పక్కమనిషి ఒంటరితనం బొత్తిగా కనిపించక, తన స్వేచ్ఛంతా ఆయనే మింగేశాడని లోలోపల రగిలిపోతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వీలైతే వాడి వీపు నిమిరి, ఇంకో గ్లాసు కషాయం తాగరా నాయనా, పోయేదేముంది అని చెప్పాలనిపిస్తుంది.