నీలం ట్రేలలో కోడికూర

ముందే చెప్పేస్తున్నాను. అరవై మంది విందు భోజనాన్ని, అదీ ఒక పెద్దావిడ వీడ్కోలు విందును, ఒంటిచేత్తో నాశనం చేసిన మహానుభావురాలి కథ ఇది. ఆ మహానుభావురాలిని నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నేను నవ్వలేదు.

నాలుగేళ్ళ కిందటి మాట. దుబాయ్‌లో ఒక చిన్న యూదుల బడి వంటింట్లో పనిచేసేదాన్ని. మిరియం టీచరు ఆ బడికి హెడ్మాస్టరమ్మ. ఒక విల్లా ముందుగదిలో తొమ్మిదిమంది పిల్లలతో మొదలుపెట్టి బడిని అంత చేసింది ఆవిడే. ఇక పదవీ విరమణ చేసి, యెరూషలేము వెళ్ళి స్థిరపడతానన్నారు.

"మీరు పుట్టింది అక్కడ కాదు కదండీ, మరి అది మీ ఊరెలా అయిందీ?" అని నా వచ్చీరాని ఇంగ్లీషులో ఒకసారి అడిగాను.

"నువ్వు అల్ నహ్దాలో ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నావు కుమారీ?"

"తొమ్మిదేళ్ళండి."

"ఏ ఊరని ఎవరైనా అడిగితే?"

"అమలాపురమండి."

"చూశావా! మా వాళ్ళు ఆ ఊరి పేరు చెప్పుకుంటూ, అటు తిరిగి ప్రార్థన చేస్తూ వేల ఏళ్ళు బతికారు. నేను ఇప్పుడు వెళ్తున్నాను, అంతే."

ఆ మాటతో ఆవిడ నాకు సొంత మేనత్తలా అయిపోయారు. పైగా, "నా ఆఖరి భోజనం నువ్వే వండాలి" అన్నారు. నేల మీద కాళ్ళు నిలిస్తే ఒట్టు!

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ వంటింట్లో మాంసమూ పాలూ కలవకూడదు. కూరలో పెరుగు వెయ్యకపోతే సరిపోదు. గిన్నెలు, గరిటెలు, ట్రేలు, చివరికి అంట్లు తోమే పీచు కూడా వేరు. ఎర్ర పట్టీ ఉన్నవి మాంసానికి, నీలం పట్టీ ఉన్నవి పాలకు, చీజ్‌కు. ఇది నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మెలకువగా ఉన్నప్పుడే వచ్చింది తంటా.

వంటింటి నియమాలు చూసే ఎలీ గారు వాళ్ళ ఆచారం ప్రకారం పొద్దున తనే పొయ్యి వెలిగించారు, ఎర్ర గిన్నెల్లో ఉడుకుతున్న కోడికూర చూసి తల ఊపారు, మైకు పనిచెయ్యడం లేదంటే హాల్లోకి వెళ్ళారు. నేను కూడా హాల్లోకి ఒకసారి తొంగి చూశాను. అదే నా ఖర్మ. టీచరుగారు వెళ్ళే దేశపు జెండా రంగులని పిల్లలు హాలంతా నీలం, తెలుపు కాగితాలు కట్టారు. నీలం బల్లగుడ్డలు, తెల్ల పూలు. వెనక్కి వచ్చి ఎర్ర పట్టీ ట్రేలు చూస్తే, పట్టుచీర మీద హవాయి చెప్పుల్లా కనిపించాయి.

జాకెట్టు గుడ్డ కోసం నాలుగు కొట్లు తిరిగిన మనిషిని. ఊరుకుంటానా? కూరంతా నీలం ట్రేలలోకి ఒంపేశాను, వేడిగా ఉండాలని ఓవెన్లో పెట్టాను.

నాతో పనిచేసే మేరీ అక్కది రావులపాలెం. ఉల్లిపాయలు కోస్తూ తలెత్తి, "అబ్బ, ఎంత కళగా ఉన్నాయే!" అంది. ఆరేళ్ళుగా అక్కడే పని తనకి. బుద్ధి గడ్డి తినే వేళకి తోడు కూడా దొరుకుతుంది.

ఎలీ గారు వచ్చి ఓవెన్ తెరిచారు. ఒక ట్రే బయటికి లాగి నీలం పట్టీ చూశారు.

"నిన్న చీజ్ పెట్టి కాల్చినవి ఈ ట్రేలే కదా?"

"ఆయ్," అన్నాను.

"ఎవరు మార్చారు?"

మేరీ అక్క పైకప్పు చూస్తోంది.

"నేనేనండి."

"ఎందుకు?"

"మ్యాచింగ్ అండి."

ఆయన ఓవెన్ తలుపు మూసి ఒక్క మాట అన్నారు. "ఖలాస్."

అంతే. కూర ఖలాస్, ట్రేలు ఖలాస్, ఓవెన్ శుద్ధి చేసేదాకా అదీ ఖలాస్. మళ్ళీ వండే వేళ లేదు. వాళ్ళు తినకూడదు గానీ మాకు అభ్యంతరం లేదట. అంచేత బస్సు డ్రైవర్లు కోడికూర లొట్టలేసుకుంటూ తిన్నారు. సన్మానం జరిగే పెద్దావిడ కాగితం ప్లేటులో రొట్టె, దోసకాయ ముక్కలు తిన్నారు. "టీచరుగారు ఏటా రిటైరైతే బావుణ్ణు," అన్నాడొక డ్రైవరు. నేను సామాన్ల గదిలో గోడకి ఆనుకుని ఏడ్చాను. ఉద్యోగం పోతుందని కాదు. తెల్లారితే ఆవిడ విమానం ఎక్కేస్తారు. అడక్క అడక్క ఒక్క పూట అన్నం అడిగితే పెట్టలేకపోయాను.

టీచరుగారు లేచి మైకు అందుకున్నారు. "ఎరుపెందుకో, నీలమెందుకో ఈ పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్తున్నాను, ఒక్కడికీ గుర్తుండేది కాదు. ఈ రోజుతో జన్మలో మర్చిపోరు. నాకంటే మంచి టీచరు వంటింట్లో ఉంది."

హాలు హాలంతా నవ్వింది. ఆవిడ వెళ్తూ నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నారు. "నీ చేతి భోజనం తినకుండా వెళ్తున్నాను కుమారీ. దానికోసమైనా మళ్ళీ రావాలి."

ఇంకా రాలేదు.

కాబట్టి అమలాపురం సాక్షిగా, యెరూషలేము సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఆవిడ వచ్చి ఎర్ర పట్టీ ట్రేలోంచి నేను వడ్డించిన కూర తినేదాకా ఈ జన్మలో మ్యాచింగ్ అన్న మాట ఎత్తను. నాలుగేళ్ళుగా నారింజ చీర మీద ఆకుపచ్చ జాకెట్టుతో తిరుగుతున్నాను. టీచరుగారూ, తొందరగా రండి, అల్ నహ్దా అంతా నన్ను చూసి నవ్వుతోంది.