మంచి మట్టి సంచి

మట్టి పరీక్షలో నా చేతికి తిరుగులేదని నాకు గట్టి నమ్మకం. ఆ రోజు కూడా అదే ధీమాతో శ్రీకాకుళం బస్సెక్కి, మూతపడిన ఒక రసాయనాల ఫ్యాక్టరీ చుట్టూ తీసిన పన్నెండు మట్టి సంచులు కాళ్ల దగ్గర సర్దుకున్నాను. పదమూడోది మాత్రం ఒళ్లో పెట్టుకున్నాను.

నాతోపాటే ఎక్కి పక్కన కూర్చున్న ముసలమ్మ చాలాసేపు చూసి, "అదొక్కటీ ఒళ్లో ఎట్టుకున్నావేటి బాబూ?" అంది.

"ఇది మంచి మట్టమ్మా. ఫ్యాక్టరీకి దూరంగా, తాటితోపు పక్క మడిలో తీశాను. దీంతో పోల్చి చూస్తేనే ఫ్యాక్టరీ దగ్గరి మట్టిలో విషం ఎంతుందో తెలుస్తుంది."

ఆమె ముఖం మారింది. "ఆ మడి మాదే. పల్లంగా ఉన్నాదని, ఫ్యాక్టరీ ఎనకాల గుంటలో మట్టి నాటుబళ్ల మీద తోలించి ఏసినాం. నల్లగా ఉంటే బలమైన మట్టనుకున్నాం."

ఆ సంచితో పోల్చి ఉంటే, ఫ్యాక్టరీ గోడ పక్క నేల కూడా మంచిదేనని నా చేత్తో నేనే రాసిచ్చేవాణ్ణి.

"అయితే మా మడి కూడా పాడైపోనాదేటి?"

"పరీక్ష చేస్తే గానీ చెప్పలేనమ్మా."

ఆమె నా ఒళ్లోని సంచి తీసుకుని, వంగి, నా కాళ్ల దగ్గరున్న పన్నెండింటి మధ్య పెట్టింది. "సెయ్యి మరి" అంది.

ఇప్పటికీ నా చేతికి తిరుగులేదనే అనుకుంటాను. కాకపోతే, మంచి మట్టి కోసం వెళ్లినచోట గునపం దించేముందు, ఆ మడివాళ్లు వచ్చేదాకా గట్టు మీద కూర్చుంటాను.