మీది ఏ యుద్ధమండీ?

తన ఎదుట ఎవరు నోరు తెరిచినా మా మావయ్య వాళ్ళకి ఒక యుద్ధం వినిపించిగాని వదిలేవాడు కాదు. యుద్ధం కాకపోతే విప్లవం. అదీ కాకపోతే కనీసం ఒక కోట ముట్టడి. ఆయన పళ్ళ డాక్టరు కావడంతో ఎదుట నోరు తెరిచేవాళ్ళకి కొదవ ఉండేది కాదు. తెరిచిన నోట్లో దూదీ, చిన్న అద్దం, ఆయన వేళ్ళూ ఉండేవి గనక "ఇంక చాలు బాబూ" అనే వీలు ఎవరికీ ఉండేది కాదు. ఊళ్ళో అందరూ ఆయన్ని సేనాపతి డాక్టరనే అనేవారు. అసలు పేరు వీధిగుమ్మం మీద బోర్డులో ఉండేది గాని, పన్నునొప్పితో వచ్చేవాడు తలెత్తి బోర్డులు చదువుతాడా?

నేను కాలేజీలో చరిత్ర చదువుకుంటూ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఇంటి ముందు భాగం వైద్యశాల, వెనక భాగం కాపురం, మధ్యలో ఒక పచ్చ పరదా. సాయంత్రాలు ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్ళని వరసగా లోపలికి పంపడం నా పని. ఇప్పటికీ ఎక్కడైనా లవంగనూనె వాసన తగిలితే నాకు ఫిరంగుల మోత వినిపిస్తుంది.

ఆ ఇంట్లో పుస్తకాలు లేని చోటంటూ లేదు. అన్నీ యుద్ధాలూ, విప్లవాలే. పాత పుస్తకాల దుకాణాల వెంట తిరిగి, బొత్తులు బొత్తులుగా మోసుకొచ్చేవాడు. పనిముట్ల బీరువాలో పై అరలన్నీ విప్లవాలు. మొదటి ప్రపంచ యుద్ధం మంచం కింద ఉండేది. రెండోది దుప్పట్ల పెట్టెలో.

"ఏవండీ, దుప్పట్లు ఎక్కడ పెట్టుకోను? ఆ రెండో ప్రపంచ యుద్ధాన్ని కాస్త సర్దకూడదూ?" అనేది అత్తయ్య.

"దాన్ని సర్దడం అంతంత దేశాలవాళ్ళకే కష్టమైంది. నావల్ల ఏమవుతుంది?" అనేవాడాయన, పేజీ లోంచి తల ఎత్తకుండా.

వైద్యాన్ని బట్టి యుద్ధం. ఊగులాడే పన్నుకి చిన్న తిరుగుబాటు చాలు. ఆ కబురు రాజుగారి కొలువుకి చేరేలోపే పన్ను పళ్ళెంలో పడేది. పుచ్చు తీసి నింపాలంటే ఫ్రెంచి విప్లవం. రూట్ కెనాల్ అయితే నూరేళ్ళ యుద్ధం తప్పదు. ఎందుకంటే దానికి మళ్ళీ మళ్ళీ రావాలి. ఇక్కడే ఉంది ఆయన కిటుకు. సరిగ్గా కోట తలుపు మీద దెబ్బ పడుతున్నప్పుడు చేతులు కడుక్కుని, "మిగతాది వచ్చేవారం" అనేవాడు. మొదటిరోజు కుర్చీ పట్టుకుని వణికినవాడు, రెండోసారి పిలవకుండానే వచ్చి కూర్చునేవాడు.

దాంతో ముందుగదిలో నేను పేర్లు అడగడం మానేశాను.

"మీది ఏ యుద్ధమండీ?"

"నాది కోట ముట్టడమ్మా. నిచ్చెనలు వేశారు. ఇంకా ఎక్కలేదు" అన్నాడు ఒకసారి బస్సు డ్రైవరు, బుగ్గ పట్టుకుని.

పక్కనున్న లెక్కల మేష్టారు ముందుకి జరిగారు. "అదా? నాకు పోయిన నెలలోనే అయిపోయింది. ఆ నిచ్చెనలు పొట్టివయ్యా, అందుకే..."

"మేష్టారూ, దయచేసి చెప్పకండి" అని డ్రైవరు రెండు చెవులూ మూసుకున్నాడు. బుగ్గ మీద చెయ్యి తీసేసరికి నొప్పి లేచి, బాధగా మూలిగాడు. అయినా చెవులు వదల్లేదు.

ఆయన కథలు విని విని నాకూ అవే నోటికొచ్చాయి. అక్కడే దెబ్బతిన్నాను. కాలేజీలో పరీక్ష పెట్టారు. బాస్టిల్ కోట పతనం గురించి రాయమన్నారు. మావయ్య చెప్పినట్టే రాశాను. చరిత్ర మేడమ్ నన్ను గదిలోకి పిలిపించుకున్నారు.

"రొట్టెలమ్మే ముసలావిడ కోట కాపలావాడికి చీవాట్లు పెట్టి, వేడి రొట్టె చేతిలో పెట్టి, ఇంటికి పంపించేసిందని రాశావు. ఏ పుస్తకంలో ఉందమ్మా ఇది?"

"మా మావయ్య చెప్పారండి."

"ఆయన కూడా చరిత్ర చెప్తారా?"

"లేదండీ, పళ్ళు పీకుతారు."

ఇంటికొచ్చి బీరువా తెరిచి ఫ్రెంచి విప్లవం పుస్తకం తీశాను. ముసలావిడా లేదు, రొట్టే లేదు. కాపలావాళ్ళ గతి మాత్రం చదవడానికే భయం వేసేట్టు ఉంది. పుస్తకం ఆయన ముందు పెట్టి, "ముసలావిడ ఏది మావయ్యా?" అని నిలదీశాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని పేజీ అటూ ఇటూ తిప్పాడు. "అచ్చుతప్పు" అన్నాడు.

"మనిషి మొత్తం అచ్చుతప్పా?"

"ఈ ప్రచురణవాళ్ళు మరీ అజాగ్రత్త" అని పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయనకి చదివింది సరిగ్గా గుర్తుండదు, గుర్తున్నదానికి కోతలు కలుపుతాడు అని తేల్చుకున్నాను.

ఆ ఏడాదే సరిహద్దుల్లో కాల్పులు మొదలయ్యాయి. రేడియోలో వార్తల టైముకి వీధి వీధంతా నిశ్శబ్దమైపోయేది. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో ఉన్నాడు. అతని దగ్గర్నుంచి కబురు లేదు. ఆవిడ ఒక సాయంత్రం ముఖం గుమ్మడికాయలా వాచి మా గుమ్మం ఎక్కింది. చిగురు చీము పట్టి చాలా రోజులైందట. రాలేకపోయిందట.

"ఫోను మోగితే ఎత్తడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా. ఇవాళ ఇంక తట్టుకోలేక వచ్చేశాను. త్వరగా పంపించెయ్యమను" అంది. కుర్చీ అంచున కూర్చుంది, ఎవరైనా పిలిస్తే పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు.

నేను లోపలికి వెళ్ళి మావయ్య చెవిలో చెప్పాను. "ఈవిడ దగ్గర మాత్రం యుద్ధం మాట ఎత్తకు. కొడుకు సైన్యంలో ఉన్నాడు."

"అలాగే" అన్నాడు బుద్ధిగా.

పరదా వెనక అత్తయ్య, తలుపు దగ్గర నేను, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. మత్తు ఇంజక్షన్ చూసి ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"అనగనగా చలిదేశంలో ఒక మహాసైన్యం వెనక్కి మళ్ళిందమ్మా. మోకాలి లోతు మంచు."

అత్తయ్య తల కొట్టుకుంది. "ఈయన నోరు కుట్టేసేవాళ్ళే లేరా?" అని గొణిగింది. కుట్టే ఆవిడ లోపలే ఉంది గాని, ఆవిడ నోట్లో దూది ఉంది.

అది రష్యా మంచులో నశించిపోయిన సైన్యం కథ. ఆ పుస్తకం నేను చదివాను. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు ఎంత తక్కువో నాకు తెలుసు. లోపలికి దూకి ఆపుదామా అనుకుంటుండగా మావయ్య గొంతు మెత్తబడింది.

"ఆ సైన్యంలో ఒక కుర్రాడున్నాడు. వాళ్ళమ్మ కష్టపడి మఫ్లరు అల్లి ఇచ్చింది. దాన్ని ఎక్కడో పారేసుకున్నాడు. వాడికి శత్రువుల భయం కన్నా అమ్మ భయం ఎక్కువ. నడిచాడమ్మా. ఊళ్ళు దాటాడు, నదులు దాటాడు. చివరికి వాళ్ళ వీధి, వాళ్ళ ఇల్లు. తలుపు కొట్టాడు. వాళ్ళమ్మే తీసింది. వాణ్ణి చూసి మొదట ఏమందో తెలుసా?"

"ఊఁ?" అంది ఆవిడ, నోరు తెరుచుకునే. కుర్చీ చేతులు వదిలేసింది.

"చీము అంతా బయటికొచ్చేసింది. రేపు కడగాలి. మిగతాది రేపు."

మర్నాడు అందరికన్నా ముందు ఆవిడే వచ్చింది. ఫోను వినమని పక్కింటావిడకి తాళం ఇచ్చి వచ్చిందట. కుర్చీలో కూర్చుంటూనే, "ఏమందండీ?" అని అడిగింది.

"'అంత మంచి మఫ్లరు ఎక్కడ తగలేశావురా?' అంది."

ఆవిడ వాచిన బుగ్గ పట్టుకుని నవ్వింది. నొప్పి పుడుతున్నా నవ్వింది. "నేనూ అదే అంటానండీ. వాడికి రెండు అల్లి ఇచ్చాను" అంది.

ఆవిడ వెళ్ళాక మావయ్య పనిముట్లు మరిగించుకుంటున్నాడు. "ఆ మఫ్లరు కుర్రాడు కూడా అచ్చుతప్పేనా?" అన్నాను. కోపంగా అందామనుకున్నాను గాని, కోపం రాలేదు.

ఈసారి ఆయన తప్పించుకోలేదు. "అంత సైన్యంలో ఎవడో ఒకడు ఇంటికి చేరకుండా ఉంటాడా? వాళ్ళమ్మ తిట్టకుండా ఉంటుందా? పుస్తకం రాసినాయన రాజు వెంట వెళ్ళాడు. ఈ కుర్రాడి వెంట ఎవరూ వెళ్ళలేదు. అందుకని నేను వెళ్ళాను."

"ఆవిడకి యుద్ధం గురించే ఎందుకు చెప్పాలి? ఇంకేదైనా చెప్పొచ్చుగా?"

"భయపడేవాడితో 'భయపడకు' అంటే ఇంకా బిగుసుకుపోతాడే. ఆ భయంలోంచే చెయ్యి పట్టుకు నడిపించి అవతల దింపాలి."

"మరి ఇన్ని పుస్తకాలు ఎందుకు చదువుతావు?"

"చివరి పేజీల కోసం. ఇప్పటిదాకా అయిపోని యుద్ధం ఒక్కటి కూడా నాకు దొరకలేదు" అని గిన్నె మీద మూత పెట్టాడు.

ఆ యుద్ధమూ అయిపోయింది. కుట్టే ఆవిడ కొడుకు సెలవు మీద వచ్చాడు. ద్వారబంధానికి తల తగిలేంత మనిషి. జ్ఞానదంతం నొప్పి పెడుతోందంటే తల్లే వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టగానే సూది చూసి ఆ వీరుడి ముఖం పాలిపోయింది.

మావయ్య అలవాటుగా, "ఏ యుద్ధం చెప్పమంటావు నాయనా?" అన్నాడు.

"యుద్ధం వద్దండీ. ఇంకేదైనా చెప్పండి" అన్నాడతను మెల్లగా.

మావయ్య బీరువా కేసి చూశాడు. పై అరల నిండా విప్లవాలూ, తిరుగుబాట్లే. సూది పట్టుకుని బీరువాకి వీపు తిప్పాడు. గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"నేను ఈ వైద్యం చదువుకునేటప్పుడు మా ప్రొఫెసరు మొదటిసారి ఒకాయన పన్ను పీకమన్నారు. పీకాను. బయటికొచ్చిన పన్ను చూశాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నేను నేల మీద ఉన్నాను. పన్ను పీకించుకున్నాయనే నోట్లో దూది పెట్టుకుని నా ముఖాన నీళ్ళు చల్లుతున్నాడు."

సైనికుడి నోరు తెరుచుకుంది. సూది లోపలికి వెళ్ళింది.

"ఇంటిదాకా ఆయనే దింపాడు. దారి పొడుగునా వాళ్ళ తాత చేసిన యుద్ధం కథ చెప్పాడు, నా వణుకు తగ్గాలని. అది నిజమో కాదో ఇప్పటికీ తెలీదు. ఆ కథ వినకపోతే మాత్రం మర్నాడు నేను కాలేజీకి వెళ్ళేవాణ్ణి కాదు."

పన్ను పళ్ళెంలో టంగుమని పడింది. అతను నవ్వుతూనే ఉన్నాడు, పీకిన సంగతి తెలియలేదు.

పచ్చ పరదా ఒక్కసారిగా పక్కకి జరిగింది. అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"

మావయ్య చేతులు తుడుచుకుంటూ ఆవిడ వైపు తిరిగాడు.

"నీకెప్పుడూ పన్నునొప్పి రాలేదుగా మరి."