మసి మీద బావ చేతిరాత

ఈమధ్య పేపర్లో ఒక వార్త చదివాను. మసి కన్నా సన్నటి కర్బన పోగులు తయారుచేసి, వాటిని మెదడులోని నరాలకు ఆనించి, అవి ఏం మాట్లాడుకుంటున్నాయో వింటున్నారట. పేపర్ మడిచి ఇంట్లోవాళ్లతో అన్నాను: ఇందులో వింతేముంది? నరం చేత మసి మీద రాయించింది లోకంలో మొదట నేనే, అదీ కరీంనగర్‌లో.

కొంచెం ఎక్కువైంది. నేను పుట్టకముందు నుంచే ఆ పని అన్ని దేశాల్లో చేస్తున్నారు. నేను పాఠాలు చెప్పిన డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో కూడా నాకన్నా ముందున్నాయన చేశాడు. ఒక రేకు డబ్బా, దాని చుట్టూ నున్నటి కాగితం. కిరసనాయిలు దీపం పొగ పట్టిస్తే కాగితం కాటుకలా నల్లబడుతుంది. డబ్బా మెల్లగా తిరుగుతుంటే కప్ప కాలి నరానికి కరెంటు తాకిస్తాం. కండరం ఎగిరి, దానికి కట్టిన పుల్ల మసిని గీకుతుంది. నలుపు మీద తెల్ల గీత పడుతుంది. ఆ కాగితాన్ని లక్క కలిపిన స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టాలి, లేకుంటే వేలు తగిలినా గీత పోతుంది. నా పరిశోధన మొత్తం ఇంతే. పెళ్లిళ్లలో మాత్రం నా వ్యాసాలు విదేశీ పత్రికల్లో వస్తున్నాయని చెప్పుకునేవాణ్ణి. అచ్చయింది ఒక్కటి, మా కాలేజీ పత్రికలో. అందులోనూ కప్ప బొమ్మ తలకిందులుగా పడింది.

ఎనభైల్లో ఒక వానాకాలం ఆ ల్యాబుకు మా బావ వచ్చాడు. మా అక్క భర్త. ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. కుడిచేయి ఒకటే వణుకుతోంది. ఇచ్చిన చాయ్‌లో సగం పంచె మీదే పడింది.

"బామ్మర్దీ, నువ్వు నరాల డాక్టర్‌వంట గద. మీ అక్క కాలనీ అంత చెప్పుకుంట తిరుగుతది."

అక్కకు అలా చెప్పింది నేనే. "కప్పల నరాలు బావా," అన్నాను.

"మరి నేనేమన్న ఏనుగునా? బాయిల మేం కప్పల లెక్కనే ఉంటం."

ఆయన కోరిక ఒక్కటే. ఇక పని చేయలేడని కంపెనీ మెడికల్ బోర్డు డాక్టర్లు రాస్తే, ఆయన ప్రాణంతో బాయి నుంచి బయటపడతాడు, ఆ కొలువు కొడుక్కి వస్తుంది. వాళ్లేమో తాగుడు మానుకుంటే వణుకు పోతుందని ఇదివరకే వెనక్కి పంపారు. బావ చర్చి పెద్దల్లో ఒకడు, కల్లు వాసన కూడా పడదు.

పుల్లను ఆయన చూపుడువేలికి దారంతో కట్టి డబ్బా తిప్పాను. మసి మీద రంపం పళ్లలాంటి గీత పడుతూ పోయింది. వేలిముద్ర తప్ప ఎన్నడూ సంతకం చేయని మనిషి, ఊపిరి బిగబట్టి చూశాడు.

"గిదంత నేనే రాసిన్నా?"

"నువ్వే."

"ఏం రాసిన్నో జర చదివి చెప్పు."

"బాయిల దిగద్దని రాసినవ్."

ఆయన నవ్వలేదు. "గట్లైతే బోర్డుల గిదే ఇస్త," అన్నాడు.

బొగ్గు ధూళి నరాల్లోకి చేరే ఇలా అవుతోందని నేనొక ప్రసంగం కూడా చేశాను. రుజువేమీ లేదు. వణుకు ఉందని ఆ గీత చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. కానీ నా గొంతు ఒకసారి లేచిందంటే దిగదు.

బోర్డు మర్నాడే. లక్క అప్పటికి గానీ ఆరదు. మంచిర్యాల బస్సు వెళ్లిపోతుందని ఆయన తొందరపడితే, లక్కలో ముంచకుండానే చుట్టి ఇచ్చాను.

బోర్డు 'ఫిట్' అని రాసింది. బావ మళ్లీ దిగాడు. ఆ చలికాలంలోనే, దుంగ నిలబెడుతుండగా పైకప్పు కూలింది. పైకి తెచ్చినప్పుడు ఒళ్లంతా బొగ్గే. అక్క కొంగుతో తుడిచిన చోట మాత్రం మనిషి కనిపించాడు. కొడుక్కి కొలువు ఇచ్చారు. బాయిలో చనిపోతే ఇస్తారు.

అప్పటినుంచి ఈ కథ ఒకేలా చెబుతున్నాను. ఆ కాగితం లక్కలో ముంచి ఉంటే, బస్సు కుదుపులకు మసి చెరిగేది కాదు. డాక్టర్లు గీత చూసేవాళ్లు. బావ బతికేవాడు. నా అజాగ్రత్తే ఆయన్ను చంపింది. ఇక్కడికి వచ్చేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాను, వినేవాళ్లు నా చేయి పట్టుకుంటారు.

మొన్న అక్క ఎదుటే ఈ కథ చెప్పాను, ఆ పేపరు వార్తతో మొదలుపెట్టి. ఆమె పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"చెరిగిందని నీకెవలు చెప్పిండ్రు?"

"చెరగదా అక్కా? లక్క లేకపాయె..."

"చెరగలే. బస్సుల దారిపొడుగుత ఎడమచేత్తోని పైకి లేపి పట్టుకొని వచ్చిండు, పసిపిల్లను పట్టుకున్నట్టు. ఇంట్ల విప్పి సూపిచ్చిండు. గీత గీత లెక్కనే ఉండె."

"మరి డాక్టర్లు?"

"విప్పనే లేదు వాళ్లు. ఏందిది, తియ్యి అవుతలికి, అన్నరంట. నువ్వు లక్కల ముంచినా, బంగారంల ముంచినా గంతే. నీ కాయిదానికి మనిషిని బతికిచ్చే తాకత్ లేకుండె, సంపే తాకత్ గూడ లేకుండె తమ్మీ."