పప్పు ఉడకని ఊరు

గుడివాడలో మేం అద్దెకున్న ఇంటావిడ మేడ తలుపుకి తాళం వేసిన రోజున, ఊరు మారిపోవాలని నేను తీర్మానించాను. అంతకు ముందు రోజు దాకా ఆ మేడ మీద వడియాలు పెట్టుకునేదాన్ని. సరదాకి కాదు. మా ఆయన ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా చేసేవారు. రెండేళ్ళ కిందట ఆ ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి మా ఇల్లు గుమ్మడి వడియాల మీదా, బియ్యప్పిండి వడియాల మీదా, చల్ల మిరపకాయల మీదా నడుస్తోంది. ఎండాకాలంలో ఎండినదే ఏడాదంతా అమ్ముకోవాలి. ఒక్క ఎండాకాలం చేజారితే ఆ ఏడు మాకు లేనట్టే.

ఇంటావిడ అభ్యంతరం కాకుల గురించి. నా వడియాల కోసం వచ్చే కాకులు ఆవిడ సోలార్ పలకల మీద రెట్టలు వేస్తున్నాయట. మా వడియాలు కాకులు ముట్టవండీ అని చెప్పాను. మా అమ్మమ్మ పెట్టిన వడియం ఎత్తుకుపోయిన ఒక కాకి, దాన్ని కొరకలేక, మింగలేక, పరువు కోసం వదల్లేక, ఘంటసాల ఊరి బౌద్ధ స్తూపం మీద కూర్చుని మూడు రోజులు మౌనవ్రతం పట్టిందనీ, అప్పటి నుంచి కృష్ణా జిల్లా కాకులకి మా ఇంటి వడియమంటే భక్తే గాని ఆకలి లేదనీ వివరించాను. ఆవిడ నవ్వలేదు. వడియాలు మానేస్తారా, ఇల్లు ఖాళీ చేస్తారా అని అడిగింది.

ధాన్యానికి తేమ తరుగు తీసినట్టు, నేను చెప్పేదానికి పావు వంతు తరుగు తీసి వినడం మా బంధువుల అలవాటు. మీరూ అలాగే వినండి. తాళానికి మాత్రం తరుగు లేదు.

అది పుష్యమాసం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఆ మర్నాటి నుంచి వచ్చే ఎండ నాకు కావాలి. మా దగ్గరున్న డబ్బు ఒక చిన్న ఇంటికీ, దాని వెనక నాలుగు మొక్కలకీ సరిపోతుంది, అదీ బాగా లోపలి పల్లెకి వెళ్తేనే. తప్పు ఊళ్ళో కొంటే దిద్దుకోవడానికి రెండో ఇల్లు లేదు.

విజయవాడలో ఒక ఆఫీసులో పనిచేసే మా తమ్ముడికి ఇదంతా పిచ్చిగా కనబడింది. వాళ్ళ అపార్టుమెంటు పక్కనే రెండు గదులు చూశాడు. బావగారికి ఒక షాపింగ్ మాల్లో సెక్యూరిటీ పని కూడా మాట్లాడేశాడు. నేను వడియాలు మానేసి విశ్రాంతి తీసుకోవాలట. యాభై దాటని మనిషిని విశ్రాంతి తీసుకోమనడం, ఉడుకుతున్న కుక్కర్‌ని దించెయ్యమనడం ఒకటే. అక్కర్లేదురా, మేం పల్లెలో ఇల్లు చూసేశాం, అడ్వాన్సు కూడా ఇచ్చేశాం అని ఫోన్లో చెప్పేశాను. ఏ ఊరని అడిగాడు. పేరు చెప్తే దిష్టి తగులుతుందన్నాను.

"అక్కా, నీ కోతలకి హార్వెస్టర్ కూడా చాలదు," అన్నాడు వాడు. "సరే, శివరాత్రి వెళ్ళాక వచ్చి చూస్తాను. ఇల్లు లేకపోతే సామాను లారీ ఎక్కిస్తాను."

మా ఆయన పక్కనే కూర్చుని అంతా విన్నారు. ఆయన అబద్ధం ఆడరు, ఆడేవాళ్ళని ఆపరు. "ఇప్పుడు ఊరు వెతకాలన్నమాట," అని మాత్రం అన్నారు.

మొదట బందరు వైపు వెళ్ళాం. నా పరీక్ష నాకుంది. తెల్లారే ఒక పళ్ళెంలో తడిగుడ్డ పరిచి, నలభై వడియాలు పెట్టి, ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పక్క సీటావిడ ప్రసాదం అనుకుని చెయ్యి చాపింది. ఊరి చివర ఇల్లు చూపించిన బ్రోకరు ఇంటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పోర్టు వస్తోందండీ, పోర్టు వస్తోందండీ అంటూనే ఉన్నాడు. గోడ చెమ్మగా ఉందేమని అడిగితే పోర్టు వస్తోంది అన్నాడు. నేను పళ్ళేన్ని మెట్ల మీద ఎండలో పెట్టి కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి కూడా వడియాలు పొద్దున్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పైగా కొంచెం ఒళ్ళు చేశాయి. సముద్రపు గాలి అక్కడ ఎంత ఉప్పగా, తడిగా ఉందంటే, ఆవులించిన వాడి నోట్లో ఊరగాయ ఊరుతుంది. బ్రోకరు వడియాల వైపు చూసి, ఓడ ఎక్కిస్తే సింగపూర్లో ఎండుతాయండీ అన్నాడు. ఆ ఒక్క మాటకీ వాడి మీద గౌరవం కలిగింది. ఇల్లు మాత్రం వద్దనుకున్నాం.

ఈ సంగతి ఎలాగో తమ్ముడికి తెలిసింది. మా ఆయన్నే అడిగి ఉంటాడు. అడ్వాన్సు ఇచ్చినవాళ్ళకి ఇంకా ఊళ్ళు చూడటం ఏమిటని ఎద్దేవా చేసి, ఆ చేత్తోనే సలహా కూడా పడేశాడు. ఊరు చూడాలంటే వడియాలు కాదట, పప్పు చూడాలట. ఏ ఊరి నీళ్ళల్లో కందిపప్పు ఉడుకుతుందో అదే ఊరట, ఉడకనిది ఉప్పుపర్రట. మా పెద్దవాళ్ళూ అదే మాట అనేవాళ్ళు. డెల్టా కొసన ఎక్కడ బోరు వేసినా తీపి నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. నాకు రోషం వచ్చింది. సరే, నీ పరీక్షలోనే నెగ్గుతానురా అనుకున్నాను. అలా వడియాల పళ్ళెం ఇంట్లో వదిలేసి, చిన్న గ్యాస్ బండ, మూడు లీటర్ల కుక్కర్, గుప్పెడు కందిపప్పు, చిటికెడు పసుపు సంచిలో వేసుకుని తిరగడం మొదలుపెట్టాను. నేను చేసిన తప్పు అదే, అప్పుడు తెలియలేదు.

గుడ్లవల్లేరు దాటాక లోపలికి ఒక ఊళ్ళో పెంకుటిల్లు, వెనక జామచెట్టు, చూడగానే నచ్చాయి. అక్కడి బ్రోకరు తెల్ల చొక్కా, మల్లెపువ్వు లాంటి నవ్వు. మేం దిగగానే మజ్జిగ ఇచ్చాడు. మజ్జిగలో ఉప్పు వేస్తారు కాబట్టి నీళ్ళ ఉప్పు తెలియదు, అందుకని తాగలేదు. పప్పు ఉడకబెట్టుకుంటామండీ, మీ బోరు నీళ్ళు ఇప్పించండి అన్నాను. అతను ఏమాత్రం తడుముకోలేదు. ఇంటి వెనక్కి వెళ్ళి తనే స్వయంగా బిందె మోసుకొచ్చాడు. అరుగు మీద పొయ్యి వెలిగించాను. ఊళ్ళో పదిమంది చేరారు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

రెండు విజిల్స్‌కే దించాను. మూత తీస్తే పప్పు లేదు. గంధం ఉంది. గరిట పెడితే జారిపోతోంది. నా ముఖం విప్పారింది. బ్రోకరు చేతులు కట్టుకుని, "మా ఊరి నీళ్ళు అమృతమండీ అమ్మగారూ," అన్నాడు.

మా ఆయన వంగి చూశారు. పప్పు పసుపుగా లేదు, ఎర్రగా ఉంది. కుంకుమ కలిపినట్టుంది.

"పసుపు ఎర్రబడిందంటే నీళ్ళల్లో సోడా పడిందండీ," అన్నారాయన చాలా మర్యాదగా. "మా ల్యాబ్‌లో పిల్లలకి మొదట్లోనే చేయించే ప్రయోగం ఇది."

"మంచి పసుపు సార్ అది, రంగెక్కువ," అన్నాడు బ్రోకరు.

"పసుపు మేం తెచ్చుకున్నదేనండీ," అన్నాను నేను.

చేరిన జనంలో ఒకాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బ్రోకరు ఒక్క క్షణం ఆలోచించి, పక్క పొలంలో ఎవరో సోడా బస్తా ఒలకబోశారనీ, అది భూమిలోకి ఇంకి ఉంటుందనీ చెప్పాడు. నాకు కోపం రాలేదు. కోతల్లో నా జాతివాడు. వంటసోడా పొట్లం జేబులో పెట్టుకుని ఇల్లు అమ్మడానికి వచ్చేవాడికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. పెట్టి, బస్సెక్కాం.

శివరాత్రికి ఇంకా పది రోజులుంది. ఇంటావిడ మా వాకిట్లోకి వచ్చి కొత్త అద్దెవాళ్ళకి గదులు చూపించడం మొదలుపెట్టింది. తమ్ముడు లారీ మాట మళ్ళీ ఎత్తాడు. పామర్రులో బస్సు మారి, పులిగడ్డ వారధి దాటి, దివిసీమలోకి వెళ్ళాం. అవనిగడ్డ నుంచి ఆటోలో ఇంకా లోపలికి. అంగన్‌వాడీలో చేసి రిటైరైన ఒకావిడ, చల్లపల్లిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ, తన డాబా ఇల్లు అమ్ముతోంది. మధ్యలో బ్రోకరు లేడు.

నేను సంచిలోంచి కుక్కర్ తీయగానే ఆవిడకి అర్థమైంది.

"ఈ నీళ్ళల్లో పప్పుడకదమ్మాయ్," అంది. "గ్యాసు దండగ."

ఇంటివాళ్ళు చెప్పినా నమ్మకుండా పరీక్ష పెట్టడం మంచిదనిపించింది. ఈసారి బోరు నీళ్ళు నేనే కొట్టుకున్నాను. రెండు విజిల్స్. నాలుగు. ఎనిమిది. పక్కింటి కోడి భయపడి గోడ దూకింది. మూత తీస్తే కందిపప్పు కడిగిన గులకరాళ్ళలా తళతళలాడుతోంది. ఒక గింజ నోట్లో వేసుకుంటే పన్ను నొప్పెట్టింది. నీళ్ళు రుచి చూస్తే ఉప్పు.

"చెప్పానుగా," అంది ఆవిడ.

తాగడానికీ, వంటకీ ప్లాంటు నీళ్ళు టిన్నుల్లో రోజూ ఆటోలో వస్తాయట. బోరు నీళ్ళు గిన్నెలకీ బట్టలకీ. మా ఆయన తుఫాన్ల గురించి అడిగారు. వస్తాయి బాబూ అంది ఆవిడ. వచ్చినప్పుడు స్కూలు బిల్డింగుకి వెళ్తాం, పోయాక వచ్చి ఇల్లు కడుక్కుంటాం, ఉప్పెన చూసిన ఊరిది, ఉన్నాం కదా అంది. ఆ మాటలో బడాయి లేదు. తిరుగు ఆటో నాలుగింటికి గాని లేదు. అన్నం తిని వెళ్ళమంది. బచ్చలికూర, చారు పెట్టింది. తింటున్నంతసేపూ నేను మనసులో సామాను లారీ ఎక్కిస్తున్నాను. విజయవాడలో రెండు గదులు. మా ఆయన మాల్ దగ్గర విజిల్ ఊదుతూ కార్లు వెనక్కి తీయిస్తున్నారు.

చెయ్యి కడుక్కుంటుంటే, మేడ మీద మిరపకాయలున్నాయి, కొంచెం తిరగెయ్యవా అమ్మాయ్, నాకు మోకాళ్ళ నొప్పులు అంది ఆవిడ. తలుపుకి గడియ మాత్రమే ఉంది. చెప్పులు కింద వదిలేసి ఎక్కాను. మొదటి అడుగుకే అరికాలు చుర్రుమంది. రెండో అడుగుకి గెంతాను. గెంతుతూ గెంతుతూ మిరపకాయలు ఆరబోసిన గుడ్డ దాకా వెళ్ళి ఒక చల్ల మిరపకాయ తీసి విరిచాను. ఫటుక్కుమంది.

"ఇవి ఎప్పుడు పెట్టారండీ?" అని పైనుంచే అడిగాను.

"నిన్న పొద్దున."

గుడివాడలో నాకు నాలుగు రోజులు పట్టేది. పడమటి పక్క అపార్టుమెంటు నీడ రెండింటికల్లా మేడంతా కప్పేసేది. ఇక్కడ నీడనిచ్చే గోడ ఏ దిక్కునా లేదు. నాలుగు వైపులా మినుము చేలు, అప్పుడే కాయ పడుతున్నాయి. వరి కోశాక ఈ ఊళ్ళో అంతా మినుమేనట. గుమ్మడి వడియానికి మినప్పప్పు నేను గుడివాడ కొట్లో కొనుక్కునేదాన్ని. ఇక్కడ మినుము నూర్చే కళ్ళం గోడ పక్కనే.

కాళ్ళు కాలుతున్నా అలాగే నిలబడి ఆలోచించాను. రోజు మొత్తానికి నా పిండికి కావలసిన నీళ్ళు ఒక టిన్ను, మహా అయితే రెండు. నీళ్ళు ఆటోలో వస్తాయి. ఎండ ఏ ఆటోలోనూ రాదు. నేను వెతకవలసింది వడియాలు ఎండే ఊరు. రోషానికి పోయి, తమ్ముడి కుక్కర్ మోస్తూ, పప్పు ఉడికే ఊరి కోసం తిరిగాను. పెరట్లో గుమ్మడి పాదు ఈ నీళ్ళకి బతకదు, నిజమే. వాన నీళ్ళు పట్టుకుని చూడాలి. కొబ్బరి బతుకుతోంది, బచ్చలి బతుకుతోంది. మేమూ బతుకుతాం.

కిందికి దిగేసరికి మా ఆయన ఆవిడతో ఆలోచించుకుని చెప్తామండీ అంటున్నారు.

"ఆలోచించడం అయిపోయిందండీ," అన్నాను. "ఇల్లు మాకే. ఒక్క మాట. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆగకుండా రేపటి నుంచే మేడ మీద వడియాలు పెట్టుకోవచ్చా?"

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "పప్పుడకని ఊరని చెప్పాను, విన్నావా?"

"విన్నానండీ. ఉడికే ఊళ్ళో సోడా కలుపుతున్నారు."

ఆవిడకి అర్థం కాలేదు. మా ఆయన వివరించడానికి పదిహేను నిమిషాలు తీసుకున్నారు. విన్నాక ఆవిడ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. గుడివాడ ఇంటావిడ దాచుకున్న నవ్వంతా ఇక్కడ దొరికినట్టయింది.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు సామాను దింపుకున్నాం. ఇప్పుడు అడ్వాన్సు అబద్ధం కాదు గనక ఊరి పేరు తమ్ముడికి చెప్పాను. వాడు ఎవరెవరినో అడిగి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేశాడు. నేను మేడ మీద ఉన్నాను, చేతుల నిండా పిండి. మా ఆయన ఫోన్ నా చెవి దగ్గర పట్టుకున్నారు.

"ఆ ఊళ్ళో పప్పుడకదటగా అక్కా?"

"ఉడకదురా," అన్నాను.

"మరి నువ్వు..." అన్నాడు.

"ఎనిమిది విజిల్స్ వేయించి మరీ చూశాను. ఒక్క గింజ కూడా ఉడకలేదు. తెలిసే కొన్నాను. నువ్వొచ్చేటప్పుడు నీకు కావలసిన పప్పు అక్కడే ఉడకబెట్టుకుని క్యారియర్లో తెచ్చుకో. వడియాలు నేను వేయిస్తాను."

వాడు ఇంకా ఏదో చెప్పబోయాడు. ఫోన్ పెట్టేయమని మా ఆయనకి సైగ చేశాను. ఇంకో రెండు వరసలు పెట్టాలి, ఎండ ఎక్కుతోంది, పిండి పులిసిపోతుంది.