కాకి డాక్టరు చేతి టీ

ప్రాణాలు తీసే శత్రువుని ముప్ఫై ఏళ్ళు దగ్గరుంచుకుని మేపినవాణ్ణి ఏమనాలి? పిచ్చివాడనాలా, మహానుభావుడనాలా? ఆయన ప్రయోగశాలలో టెక్నీషియనుగా సగం జీవితం గడిపిన ఆవిడకి, రిటైరై ఇన్నేళ్ళయినా జవాబు దొరకలేదు. తేలిందల్లా ఒక్కటే: కాకి డాక్టరు పిసినారి కాడు.

ఆ పేరు ఆవిడ పెట్టిందే. ఎంగిలిచేత్తో కాకిని తోలనివాడంటారే, అచ్చం ఆ బాపతు. పేగుల్ని పుళ్ళు చేసే టైఫాయిడ్ క్రిముల మీద పరిశోధన ఆయన పని. ఎవరు టీ ఇచ్చినా తాగేవాడు. ఎవరు కూర పెడతామన్నా గిన్నె చాపేవాడు. తిరిగి ఒక బిస్కెట్ ముక్క ఇచ్చిన పాపాన పోలేదు. తన గ్లాసు తానే కడిగి, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. గ్లాసుకి తాళమేమిటండీ అని అడిగితే, అలవాటమ్మా అని తప్పించుకునేవాడు.

ఒకసారి ఆవిడకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నీళ్ళ కూజా ఆయన మోచేతి పక్కనే ఉంది. ఆయన కంగారుగా లేచి, రెండంతస్తులు దిగి, వాచ్‌మన్‌ని వెంటబెట్టుకొచ్చి, అమ్మకి నీళ్ళివ్వమన్నాడు. అప్పటికి ఎక్కిళ్ళు పోయాయి, కోపం వచ్చింది.

ఆ వానాకాలం దాకా ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. మురుగు వెళ్ళి మంచినీళ్ళ గొట్టంలో కలిసింది. వీధులకి వీధులు మంచాన పడ్డాయి. ఆస్పత్రిలో మంచాలు చాలక వరండా నిండా చాపలు. నమూనాల కోసం ఇద్దరూ వార్డుకి వెళ్ళారు. మూల మంచం మీది ఎనిమిదేళ్ళ పిల్ల, పెదాలు పగిలి, "తాతా, నీళ్ళు" అంది. గ్లాసు అక్కడే ఉంది. కాకి డాక్టరు చేతులు వెనక్కి కట్టుకుని నర్సు కోసం కేకలు పెట్టాడు. నర్సు పరుగెత్తుకొచ్చి తాగించింది. మధ్యాహ్నానికి ఆ మంచం ఖాళీ అయింది.

మెట్ల మీద ఆవిడ నిలదీసింది. "మీకు చేతుల్లేవా?"

"ఉన్నాయమ్మా. అదే బాధ."

ఆ తర్వాత ఏడాదిపాటు ఆవిడ పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఆ పని మాటల్లో ఎక్కువ భాగం పదిహేడో నంబరు క్రిమిదే. మిగతా క్రిములన్నీ పోయినవాళ్ళవో, కోలుకున్నవాళ్ళవో. నెలనెలా తాజా నమూనా వచ్చేది ఈ ఒక్కదానికే. డబ్బా మీద అంకె తప్ప పేరుండేది కాదు. గాజు పళ్ళెంలో క్రిములకి పెట్టే ఆహారం పోసి దాని మీద పూస్తే, తెల్లారేసరికి చుక్కలు చుక్కలుగా మొలిచేది. ఎన్ని మందులు మార్చినా అంతే.

"ఎవరండీ ఈ రోగి? చావడు, బాగుపడడు."

"మొండిఘటం. జ్వరం ఎప్పుడో తగ్గింది. క్రిమి మాత్రం పిత్తాశయంలో కాపురం పెట్టింది. ఆయనకేం కాదమ్మా, ఆయన చేతి తిండి తిన్నవాళ్ళకే."

రిటైరయ్యే ఏడాది కాకి డాక్టరు కడుపు ఆపరేషనని రెండు నెలలు సెలవు పెట్టాడు. తిరిగొచ్చాక పదిహేడో నంబరు మొలవడం మానేసింది. పొరపాటు తనదేననుకుని ఆవిడ ఆహారం మళ్ళీ వండింది, మళ్ళీ పూసింది. ఖాళీ. మూడు నెలలు, మూడు నమూనాలు, మూడూ ఖాళీయే. మూడో పళ్ళేన్ని ఆయన కిటికీ వెలుగులో పెట్టి, సరిగ్గా చూశారా అమ్మా అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళ నుంచి చూస్తున్నదాన్ని, నాకు చూడ్డం నేర్పుతారా అంది ఆవిడ. అయినా ఇంకోసారి చూడమన్నాడు. చూసింది. ఏమీ లేదంది. ఆయన కుర్చీలో కూలబడి చాలాసేపు తన అరచేతులే చూసుకున్నాడు.

ఆఖరి రోజు సాయంత్రం వీడ్కోలు సభ. పిలవడానికి ఆవిడ వెళ్ళేసరికి ఆయన గది ఖాళీ. బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. తాళంలో ఉండాల్సిన గ్లాసు, ప్రయోగశాలలో ఆవిడ బల్ల మీద, మూత కింద, నిండా టీతో పొగలు కక్కుతోంది. పక్కన చీటీ.

"పదిహేడు నేనే. ఇరవయ్యో ఏట జ్వరం తగ్గిన సంబరంలో మా చెల్లికి అన్నం కలిపి ముద్దలు పెట్టాను. రెండు నెలలు తిరక్కుండానే పోయింది. పిత్తాశయం తీసేసే ఆపరేషన్ ఎప్పుడో చేయించుకుని ఉండొచ్చు. క్రిమి నాలోనే ఉంటే దాని గుట్టు తెలుస్తుందని కొంత, నాకీ శిక్ష పడాల్సిందేనని కొంత, ఆగిపోయాను. ఏది ఎంతో నాకే తెలీదు. చెల్లి తర్వాత నా చేత్తో ఇంకొకరికి ఇస్తున్నది ఇదే మొదలు. రిపోర్టు మీదే కాబట్టి, ధైర్యంగా తాగండి."

ఆవిడ ఒక గుక్క తాగింది. క్రిములకి వండే ఆహారంలాగే దీన్నీ పావుగంట మరిగించినట్టున్నాడు, చేదు నషాళానికంటింది. పైగా చక్కెర మరిచాడు. కళ్ళు మూసుకుని చుక్క మిగల్చకుండా తాగేసింది.

కిటికీలోంచి చూస్తే కాకి డాక్టరు బన్ను నములుతూ గేటు దగ్గరికి చేరాడు. గట్టిగా పిలిచింది. వినపడలేదో, టీ ఎలా ఉందో చెబుతుందని భయపడ్డాడో, వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం ఊపాడు. ఆవిడకి కాదు. బన్ను కోసం గేటు మీద వాలిన కాకిని తోలి వెళ్ళిపోయాడు, ఆ ఎంగిలిచేత్తోనే.