బిళ్ళ కాపలా

ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకాలు రెండే ఉండేవి: దేవుడు లేడు, మాటకు మాత్రం శక్తి ఉంది. మొదటిది ఇప్పటికీ కదల్లేదు. రెండో పిచ్చిని బెంగళూరులోని ఒక పెద్ద టెలిఫోన్ల కంపెనీ కుదిర్చి పంపింది. మదనపల్లె కాలేజీలో చర్చావేదిక ఎక్కి రాహుకాలాన్నీ శకునాలనూ ఉతికి ఆరేసినవాణ్ణి (పుంగనూరులో మా నాయన "వీడికి నిద్రలో గూడా ఉపన్యాసమే" అనేవాడు). కుప్పంలో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ పొద్దున్నే రైలెక్కి పనికి పోయేవాణ్ణి. నేనెప్పుడూ ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చే రకం కాబట్టి, మా సెక్షన్లోనే పనిచేసే శాంతిపురం అక్క నాకోసం సీటు మీద తువ్వాలు పరిచి ఉంచేది.

అక్కది తీగలకు టంకం పెట్టే పని. అప్పుడామె ఆరు నెలల గర్భిణి. మా సెక్షనంతటికీ ఉన్నది ఒకే ఒక ఇత్తడి బిళ్ళ. సూపర్‌వైజరును అడిగి అది చేత పట్టుకుంటేనే మరుగుదొడ్డికి పోవాలి. ఊరూరికీ మనిషి మాటను చేరవేసే కంపెనీలో, పక్కనున్న మనిషి మొర వినే నాథుడు లేడు.

"రైల్లోనూ దొడ్డి ఉండాది, బిళ్ళ అడిగేవోడు లేడు. ఆ కంపెనీకి యాల పోతాండామప్పా?" అనేది అక్క. పెట్టెంతా నవ్వేది. కంపెనీ గేటు దాటగానే అన్ని నోళ్ళూ మూతపడేవి.

మా మేనేజరు నోరు తెరిస్తే "మనమంతా ఒకే కుటుంబం" అనేవాడు. అందుకే ఆయన్ను చాటుగా ఇంటాయన అనేవాళ్ళం. ఒక శనివారం అందర్నీ కూర్చోబెట్టి, "భయం వద్దు, మనసులో ఉండేది చెప్పండి" అన్నాడు. దేవుణ్ణి నమ్మనివాణ్ణి, మేనేజరును నమ్మాను! లేచి, "ఏ ఇంట్లోనైనా గర్భిణి పెరట్లోకి పోవడానికి బిళ్ళ అడుక్కుంటుందా?" అని నిలదీశాను. తాయెత్తుకూ ఆ బిళ్ళకూ తేడా లేదన్నాను. ఇంటాయన చప్పట్లు కొట్టాడు. "ఇట్లాంటి ధైర్యవంతులే మనకు కావాలి. సోమవారం నుంచి బిళ్ళ బాధ్యత ఇతనిదే!" అని దాన్ని తెప్పించి నా చేతిలో పెట్టాడు. (నేను "థాంక్యూ సార్" కూడా అన్నాను.)

సోమవారం రైల్లో తువ్వాలు లేదు. నా చోట బీన్స్ మూట కూర్చుని ఉంది.

"అధికార్లు ఈడ కూర్సోరులేప్పా, నిలబడే వస్తారు," అన్నాడెవడో.

"బిళ్ళ జోబులోనే ఉండాదా, సార్?" అంది అక్క. ఆ 'సార్' నాకింకా గుచ్చుకుంటుంది.

పోయీపోగానే బిళ్ళను మరుగుదొడ్డి తలుపు పక్కన మేకుకు తగిలించి, ఎవరికి అవసరమైతే వాళ్ళు పొమ్మన్నాను. ఆ రోజు ఎవరూ పారిపోలేదు, ఏ పనీ ఆగలేదు. సాయంత్రం ఇంటాయన పిలిపించాడు. "కుటుంబంలో ఒకడు ఇట్లా చేస్తే ఎట్లయ్యా?" అని బాధపడుతూనే, ఇంకా ఖాయం కాని నా ఉద్యోగం ఊడబీకాడు.

తిరుగు రైల్లో తువ్వాలు పరిచి ఉంది.

"కూర్సో అప్పా. బిళ్ళ యాడుండాది?"

"మళ్ళా సూపర్‌వైజరు టేబిల్ మీదే అక్కా."

అక్క లేచి, "సీటు సూస్తాండు, పోయొస్తా. ఈడ ఎవుర్నీ అడిగే పన్లే గదా," అంది. ఆమె వచ్చేదాకా తువ్వాలు మీద చెయ్యేసి కూర్చున్నాను. ఆ ఉద్యోగంలో నేను సరిగ్గా కాసిన కాపలా అదొక్కటే.

ఇప్పటికీ ఏ సమావేశంలోనైనా "మనసులో ఉండేది చెప్పండి" అంటే నా చెయ్యి దానంతటదే లేస్తుంది. మోకాళ్ళు మాత్రం కొంచెం ఆలోచించుకుని లేస్తాయి.